గద్ద వైపు అచ్చు

మా ఆల్టూనా ఊరి నాణేల సంఘంలో ఆ రోజుల్లో పన్నెండుమందిమి ఉండేవాళ్లం. నెలకో మంగళవారం సాయంత్రం లూథరన్ చర్చి కింది గదిలో చేరి, కాఫీ తాగుతూ, పాత వెండి అర్ధ డాలర్ల గురించి పోట్లాడుకునేవాళ్లం. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. కంటికి భూతద్దం బిగించుకుని బతికేవాణ్ణి కాబట్టి సంఘంలో చివరి మాట నాదే. ఆ హోదా నాకెవరూ ఇవ్వలేదు. నేను తీసుకున్నాను, వాళ్లు ఊరుకున్నారు.

ఈ పిచ్చి లేనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. నూటయాభై ఏళ్ల కిందట ఫిలడెల్ఫియా టంకశాలలో నక్షత్రాలు, అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటిగా చేత్తో కొట్టి అచ్చులోకి దింపేవారు. అందుకని ఏ రెండు అచ్చులూ ఒక్కలా ఉండవు. ఒకదాంట్లో నక్షత్రం పక్కకు జరుగుతుంది, ఇంకోదాంట్లో అంకె వాలుతుంది. నాణేనికి ఒక వైపు టోపీ పెట్టుకున్న స్త్రీ తల, దానికో అచ్చు; రెండో వైపు గద్ద, దానికో అచ్చు. ఏ తలకు ఏ గద్ద జతపడిందో పట్టుకోవడమే మా వెతుకులాట. లోకానికి తెలియని కొత్త జత ఒక్కటైనా నా చేతికి రావాలని ముప్పై ఏళ్లు చూశాను. రాలేదు.

వెర్నా కిష్‌బా మా మధ్యకు 1977లో వచ్చింది. స్కూలు బస్సు నడిపేది. భర్త లేడు, హైస్కూల్లో చదివే కూతురుంది. రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసిన తండ్రి పోతూ పోతూ ఒక బిస్కెట్ల డబ్బా నిండా అర్ధ డాలర్లు వదిలి వెళ్లాడట. మా పన్నెండుమందిలో ఆమె ఒక్కతే ఆడమనిషి. మొదటి ఏడాదంతా నోరు విప్పలేదు. నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటూ కూర్చునేది. రెండో ఏడాది ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆ ప్రశ్నల్లో కొన్నింటికి జవాబు నాకూ తెలిసేది కాదు.

1979 అక్టోబరు సమావేశంలో ఆమె ఒక 1827 అర్ధ డాలరు తెచ్చి నా ముందు పెట్టింది.

“జిమ్మర్ గారూ, ఇదొకసారి చూడండి. తల వైపు మనకు తెలిసినదే. గద్ద మాత్రం దాని గద్ద కాదండీ. కింద 50 సెంట్లు అని ఉన్నచోట 5 చూడండి, వెనక్కి వాలింది. రెక్క దగ్గర్నుంచి పైఅక్షరం దాకా సన్నగా గీత లేచింది. అచ్చు చిట్లిన గీత. ఈ గద్ద వేరే తలతో కనిపిస్తుంది గానీ, దీనితో ఎక్కడా లేదు.”

మాంసం కొట్టు హార్లన్ బల్ల చివర్నుంచి అందుకున్నాడు. “ఏంటి వెర్నా, గద్దకు విడాకులిప్పించి మారుపెళ్లి చేశావా?”

“చేశాను. నీకు మాత్రం పిలుపు లేదు, ఉన్న కేకంతా నువ్వే తినేస్తావని,” అంది వెర్నా. అందరూ నవ్వారు.

నేను నాణెం తీసుకుని దీపం కింద పట్టుకున్నాను. పది సెకన్లు చూశానేమో. “అరిగిపోయిన సరుకు. 5 మీద ఎప్పుడో దెబ్బ తగిలింది. ఆ గీత ఎవరో గీరింది,” అన్నాను.

“మీరు భూతద్దం పెట్టుకోలేదు కదండీ,” అంది ఆమె మెల్లగా.

నిజమే, భూతద్దం నా నుదుటి మీదే ఉంది. పదిమందిలో ఆ మాట అనేసరికి నాకు ఒళ్లు మండింది.

“నువ్వు బస్సు గేర్లు చూసుకో వెర్నా. అచ్చుల సంగతి మాకొదిలెయ్.”

ఈసారి నవ్వు పెద్దగా లేచింది. ఆమె కూడా కాస్త నవ్వి, నాణేన్ని కాగితంలో చుట్టి చేతిసంచీలో వేసుకుంది.

ఇక్కడ దాచుకుంటే ఈ కథ చెప్పడమే దండగ. నాకు ఆ గీత కనిపించింది. దెబ్బ తగిలిన అంకె అలా వాలదని నా చేతివేళ్లకే తెలుసు. “ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా చూస్తాను, ఇవ్వు” అంటే సరిపోయేది. ముప్పై ఏళ్లు నేను వెతికి సాధించలేనిది నిన్నగాక మొన్న వచ్చిన బస్సు డ్రైవరు బిస్కెట్ల డబ్బాలోంచి తీసిందంటే ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అంతే.

ఆ జనవరిలో వెండి ధర ఆకాశాన్నంటింది. రోడ్డు పక్క మోటెళ్లలో గదులు తీసుకుని వ్యాపారులు వెండిని తూకానికి కొన్నారు. మంచులో జనం బారులు తీరారు, చెంచాలు, పళ్లేలు, పెళ్లినాటి కొవ్వొత్తి స్తంభాలు చంకన పెట్టుకుని. అదంతా కొలిమిలోకే పోయింది. వసంతం వచ్చేసరికి వెర్నా సంఘానికి రావడం మానేసింది. బస్సు వేళలు మారాయేమో అనుకున్నాం. ఎవరమూ ఫోను చెయ్యలేదు.

ఆరేళ్లు గడిచాయి. 1986 మేలో, అచ్చురకాలు సేకరించేవాళ్ల పత్రిక వచ్చింది. మొదటి పేజీలోనే ఫోటో. మిచిగన్‌లో ఒక పళ్ల డాక్టరుకు 1827లో కొత్త జత దొరికింది. వెనక్కి వాలిన 5. రెక్క నుంచి అక్షరం దాకా గీత. ఇలాంటిది ఇంతవరకు ఎవరి కంటా పడలేదని రాశారు. దుకాణంలో గడియారాలన్నీ కొట్టుకుంటూనే ఉన్నాయి. నేను పత్రిక మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను.

ఆ శనివారం వెర్నా ఇంటికి వెళ్లాను. వెర్నా తలుపు తీసి, “జిమ్మర్ గారా! రండి, రండి. చిక్కిపోయారే,” అంది. వంటగదిలో కూర్చోబెట్టి, బీట్‌రూట్ రసంలో ఊరబెట్టిన గుడ్లు పళ్లెంలో పెట్టింది. నేను ముట్టుకోకుండా పత్రిక ఆమె ముందుకు జరిపాను.

ఆమె కళ్లజోడు పెట్టుకుని చూసింది.

“అయితే గీరింది కాదన్నమాట,” అంది.

“కాదు. నాకు ఆరోజే తెలుసు వెర్నా.”

ఆమె తలెత్తింది. “తెలుసా?”

“పూర్తిగా తెలుసనలేను. అనుమానం వచ్చింది. నోరు మూసుకున్నాను. ఆ నాణెం ఎక్కడుంది?”

“ఇంకెక్కడి నాణెం! వెండి పెరిగినప్పుడు అరిగినవన్నీ ఏరి ఇచ్చేశాను. ఇంట్లో బాయిలరు పాడైంది, జనవరి చలి. మంచివి ఉంచుకున్నాను. అది పనికిరానిదని మీరన్నారు కదా, దాన్నీ వాటితో పాటు పడేశాను.”

నేను తల దించుకున్నాను. ఆమె లేచి లోపలికెళ్లి నోట్‌బుక్కు తెచ్చింది. ఇచ్చేసే ముందు అల్యూమినియం రేకు నాణెం మీద పరిచి, రెండు వైపులా వేలితో ఒత్తి ముద్ర తీసుకుందట. పేజీకి అంటించి ఉంది. కింద పెన్సిలుతో తేదీ, పక్కన ‘జిమ్మర్ గారు కాదన్నారు’ అని రాసి ఉంది.

“పత్రికకు రాస్తాను. మొదట కనిపెట్టింది నువ్వేనని రాస్తాను. ఇది చాలు సాక్ష్యం,” అన్నాను.

“రాస్తే రాయండి. మీ తృప్తి. నాణెం పోయినందుకు నాకు బాధ లేదండీ, అలాంటివి పోతూనే ఉంటాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ చూశాను. గీత అలాగే ఉంది. నా కళ్లకు ఉంది, మీరేమో లేదన్నారు. అప్పట్నుంచి ఏ నాణెం చూసినా, ఇది నిజంగా ఉందా, నేనే ఊహించుకుంటున్నానా అనిపించేది. ఇక చూడ్డంలో సరదా ఏముంది? మానేశాను.”



నేను రాశాను. జరిగిందంతా, నా పది సెకన్లతో సహా. సంపాదకుడు మర్యాదగానే జవాబిచ్చాడు: నాణెం చూపించకుండా, రేకు ముద్రను బట్టి కనిపెట్టినవాళ్ల పేరు మార్చడం కుదరదు. మూడు నెలల తర్వాత చివరి పేజీలో, ప్రకటనల పక్కన, నా ఉత్తరంలోంచి నాలుగు వాక్యాలు వేశారు. అందులో ఆమె పేరు తప్పుగా పడింది. సంఘంలో నిలబడి కూడా చెప్పాను. హార్లన్ కాఫీ కప్పులోకి చూస్తూ, “మనమూ నవ్వాం కదా,” అన్నాడు. ఆమెను మళ్లీ రమ్మని అందరం సంతకాలు పెట్టి కార్డు పంపాం. థాంక్స్ అని జవాబొచ్చింది. ఆమె రాలేదు.

మరుసటి శరదృతువులో మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ఏ అచ్చుల జతో నాకు తేలని నాణెం ఒకటి తీసుకెళ్లాను, 1830ది. నిజంగానే తేలలేదు, కావాలని ఆడిన నాటకం కాదు. “కొంచెం చూసి పెడతావా?” అన్నాను.

ఆమె చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి, నాణేన్ని వెలుతురుకు అటూ ఇటూ వంచింది. ఒకచోట చెయ్యి ఆగింది. కళ్లు చిన్నవి చేసి దగ్గరికి తీసుకుంది. అర నిమిషం కదల్లేదు. ఆమెకు ఏదో దొరికిందని ఎదురుగా నిలబడ్డ నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాత తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

“నాకు తెలియదండీ. మీరే చూసుకోండి,” అని, పొయ్యి మీది సూపు కలపడానికి వెళ్లింది.

ఏం కనిపించిందని అడగాలనుకున్నాను. అడిగే హక్కు నాకెక్కడిది? టోపీ తీసుకుని, వస్తానని చెప్పి బయటికొచ్చాను.