కారణం ఇరవై అక్షరాలకు తగ్గకూడదు

కొట్టు నడిపే పెద్దమనుషులారా, ఈ పాపం మీదే. మెషీను మీదకి నెట్టకండి.

నేను ఒక అన్‌సబ్‌స్క్రైబ్ లింకును. మీరు పంపే మెయిళ్ళ అట్టడుగున, బూడిద రంగులో, చీమ తలకాయంత ఉంటాను. పుట్టినప్పుడు ఇలా లేను. రాజమండ్రిలో ఒక బట్టల కొట్టు కోసం, అక్కడ కంప్యూటర్లు చూసే కరీముల్లా నన్ను నీలం రంగులో, బొటనవేలికి అందేంత చేశాడు. ఒక్కసారి నొక్కితే మెయిళ్ళు ఆగిపోయేవి. యజమాని వీరభద్రంగారికి నేను నచ్చలేదు.

"ఇదేంటయ్యా, వచ్చినోళ్ళకి కాఫీ ఇచ్చి పక్కనే చెప్పులు కూడా పెడతావా?"

"వెళ్ళేవాళ్ళు ఎలాగూ వెళ్తారు కదండీ."

"వెళ్ళనీ. చుట్టాలు లేస్తుంటే అప్పుడే ఎందుకండీ అని అడగమా? అలాగే అడుగు."

అలా నన్ను కుదించి, నా వెనక మూడు పేజీలు తగిలించారు. ఎంత మర్యాదో చూడండి.

అరుంధతి శ్రీమంతం చీర కొనడానికి వచ్చింది. బిల్లు దగ్గర మెయిలు అడిగి ఆమె పేర ఖాతా తెరిపించారు, పురుడు తారీఖూ అడిగారు. "పాపాయికి కానుక పంపుతామమ్మా" అన్నారు. సిగ్గుపడుతూనే చెప్పింది. ఇరవై ఒకటో రోజు ఉయ్యాల, ఆరో నెల అన్నప్రాసన, ఏడాదికి పుట్టినరోజు అని మెషీను వరుస కట్టేసింది.

పాప పుట్టిన మూడో రోజున పోయింది. ఉయ్యాల మెయిలు మాత్రం రోజు తప్పకుండా వచ్చింది.

ఆమె రెండు వేళ్ళతో తెరను పెద్దది చేసి నన్ను వెతికి పట్టుకుంది. పాస్‌వర్డ్ అడిగాను. ఇచ్చింది. కారణం అడిగాను. ధరలు ఎక్కువ, రంగులు నచ్చలేదు, ఇతర. ఇతర నొక్కి, "పాప లేదు" అని రాసింది.

కారణం ఇరవై అక్షరాలకు తగ్గకూడదు అన్నాను, ఎర్రగా.

పక్కన భర్త సూర్యం చెయ్యి చాపాడు. "ఇలా తే, నేను రాస్తాను."

"వద్దండీ. అంతకంటే రాయడానికి ఏముంది?" అని ఫోను బోర్లా పెట్టేసింది.

స్పామ్‌లో పడెయ్యొచ్చుగా అంటారు. పడేసింది. మీరు ఇంకో అడ్రసు పుట్టించి అన్నప్రాసన మెయిలు పంపారు, వెండి గిన్నె బొమ్మతో. ఆ రోజు నుంచి ఆమె మెయిలే తెరవడం లేదు. కొట్టులో లెక్క చూసుకుని, ఈవిడ మనతోనే ఉందని రాసుకున్నారు. మనుషులు కదా, మౌనాన్ని కూడా చుట్టరికం కింద జమకట్టేస్తారు.

పుట్టినరోజు మెయిలు వరుసలో ఉంది. బుధవారం ఉదయం బయల్దేరుతుంది. తాళం కరీముల్లా దగ్గరుంది, నోరు వీరభద్రంగారి దగ్గరుంది. నాకు క్షమాపణ అక్కర్లేదు. ఆ మూడు పేజీలూ పీకేయండి. నన్ను మళ్ళీ బొటనవేలంత చెయ్యండి. వెళ్ళేవాళ్ళని కారణం అడగకండి. అన్నిటికంటే ముందు అరుంధతి పేరు తీసెయ్యండి. ఆమె వచ్చి నొక్కేదాకా ఆగకండి, ఆమె ఇక రాదు. ఇవాళ సోమవారం.