ఎండలో తడిసినవాళ్లు

నిజాం సర్కారు పోయి ఏడాది దాటాక తులసీరాం మిర్యాలగూడకు వాతావరణ అధికారిగా వచ్చాడు. ఊరి బయట, నేరేడుచర్ల బాట పక్కన కంచె వేసిన చిన్న జాగా అతని కచేరీ. బయట వాన కొలిచే డబ్బా, గాలివాటం చూపే రేకు బాణం. లోపలి గదిలో గాలి బరువు కొలిచే పాదరసం గొట్టం. అతనిది కోదాడ. పూనాలో చదివి, పరీక్ష నెగ్గి, పట్టా తెచ్చుకున్నాడు. దానికి అద్దం కట్టించి అందరికీ కనబడేలా గోడకు తగిలించమని పై అధికారి లింగస్వామి మరీ మరీ చెప్పాడు.

దానికి కారణం ఉంది. రజాకార్ల గడబిడ రోజుల్లో సూర్యాపేటలో ఒకడు తనకు తానే మౌసం సాబ్, అంటే వాతావరణం దొర, అని పేరు పెట్టుకొని, గాజు గొట్టమొకటి చేతబట్టి పల్లెలు తిరిగాడు. ఏ చదువూ లేనివాడు. తుఫాను వస్తోంది, ఇది సర్కారు మాట అని చెప్పి ఒక ఊరిని ఖాళీ చేయించాడు. చినుకు కూడా పడలేదు. జనం తిరిగొచ్చేసరికి ఇళ్లలో గింజ లేదు. మోయలేక మంచంలోనే వదిలి వెళ్లిన ఒక ముసలామె దాహంతో ప్రాణం విడిచింది.

"పరీక్ష నెగ్గినోడే సంతకం పెట్టాలె. నెగ్గినోడైనా సదువుకున్నదాన్ని బట్టే పెట్టాలె" అన్నాడు లింగస్వామి, తులసీరాం కొలువులో చేరిన రోజున. తులసీరాంకు ఆ మాట నచ్చింది. తాను చదివింది అందుకే అనిపించింది.

దసరా వెళ్లాక కూడా ఎండలు తగ్గలేదు. మూసీ ఒడ్డున ఉన్న ఏటిగడ్డ నుంచి గోపమ్మ రోజూ పెరుగు కుండ నెత్తిన పెట్టుకొని అంగడికి పోయేది. పోతూ పోతూ కచేరీ ముందు ఆగి, తులసీరాంకు ఇంత పెరుగు పోసేది. ఒక పొద్దున ఆమెను చూసి అతను తెల్లబోయాడు. చీర ఒంటికి అతుక్కుపోయి ఉంది. జుట్టులోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. చెవి వెనక నాచు పోగు ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఏట్లో పడ్డావా గోపమ్మా?"

"ఏట్ల పడుడేంది సారూ? మోకాలు మునిగే నీళ్లు సుత లెవ్వు గాడ."

"మరి ఇలా తడిసిపోయావేంటి?"

ఆమె తన చీర కొంగు పట్టుకొని చూసుకుంది. నలిపితే పొడిబట్ట చప్పుడే వచ్చింది. "జర నీడపట్టున కూసో సారూ, ఎండ తల్గినట్టుంది" అని కుండ ఎత్తుకుంది. ఆమె నిలబడ్డ బండ మీద నీళ్లు మడుగు కట్టడం తులసీరాం చూశాడు. వంగి చెయ్యి పెట్టాడు. బండ వేడిగా, పొడిగా ఉంది.

జ్వరమేమో అనుకుని దవాఖానకు వెళ్లాడు. జ్వరం లేదు. తిరిగొచ్చేటప్పుడు అంగట్లో మోకులు బేరం చేస్తున్న ఒకతను కనిపించాడు. అతని ధోవతి నుంచి బురదనీళ్లు కారుతున్నాయి. గాజులు తొడిగించుకుంటున్న ఒక పడుచుపిల్ల పకపకా నవ్వుతోంది. నవ్వినప్పుడల్లా ఆమె నోట్లోంచి నీళ్లు గడ్డం మీదుగా జారుతున్నాయి. పక్కనున్నవాళ్లెవరూ అది గమనించడం లేదు. తులసీరాం ఇద్దరినీ ఏ ఊరని అడిగాడు. ఇద్దరూ ఏటిగడ్డ అనే చెప్పారు. నిడమనూరు నుంచి వచ్చిన బండ్లవాళ్లు, అంగట్లో తక్కినవాళ్లు అందరూ పొడిగానే ఉన్నారు.

అతను పరుగున కచేరీకి వచ్చి పాదరసం చూశాడు. నిన్నటి చోటనే ఉంది. గాలి మారలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎగువ సంగతి తెలుసుకుందామంటే ఆ వైపు తంతి స్తంభాలు ఎవరో కూల్చేశారు, ఏ వార్తా రావడం లేదు. అతను బస్సెక్కి సూర్యాపేటలోని పెద్ద కచేరీకి పోయి, లింగస్వామి ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు.

లింగస్వామి నవ్వలేదు. ముఖం మాత్రం పాలిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకుని అడిగాడు. "యంత్రాలు ఏమంటున్నయ్?"

"ఏమీ అనడం లేదు సార్."

"మరి నేనేమని హెచ్చరిక రాయాలె? మా అధికారికి మనుషులు తడిసి కనబడుతున్నరు అని రాయాల్నా? మీరు అబద్ధమాడుతున్నరని అంటలేను తులసీరాం గారూ. కాని ఇయ్యాల మీరు కండ్లకు కనబడ్డదానికి సంతకం పెడితే, రేపు కలొచ్చినోడు పెడతడు. ఎల్లుండి మల్ల ఆ మౌసం సాబే వస్తడు."

"వాళ్లు చచ్చిపోతారేమో సార్."

"తులసీరాం అనే మనిషిగా పోయి చెప్పుకోండ్రి. నేనాపను. ఆ సర్కారు టోపీ పెట్టుకొని మాత్రం చెప్పొద్దు."

మర్నాడు తులసీరాం సర్కారు టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఏటిగడ్డకు నడిచాడు. ఊరు ఊరంతా తడిసే ఉంది. కోళ్లను తరుముతున్న పిల్లలు, రోలు ముందు కూర్చున్న ఆడవాళ్లు, అందరి ఒంటి నుంచి నీళ్లు కారుతున్నాయి. వాళ్లు నడిచిన దుమ్ములో మాత్రం చుక్క తడి లేదు. ఊరి పెద్ద గురవయ్య వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. అతని కనురెప్పల మీద ఒండ్రుమట్టి పేరుకుని ఉంది. రెప్పలార్చినప్పుడల్లా అది జారి చెంపల మీద పడుతోంది. తులసీరాం అతని ముఖం చూడలేక నేల చూస్తూ మాట్లాడాడు. జనం మూగారు. తనకు ఏం కనబడుతోందో చెప్పాడు. ఏరు పొంగవచ్చని, ఊరి వెనకున్న గుట్ట మీదికి పొమ్మన్నాడు.

గురవయ్య తాడు పక్కన పెట్టాడు. "గిది సర్కారు మాటనా, నీ మాటనా?"

తులసీరాం కాలి కింది దుమ్మునే చూస్తున్నాడు.

"ఎందుకడుగుతున్ననంటే సారూ, మౌసం సాబ్ ఎల్లగొట్టిన ఊరు నా పెండ్లాం పెంటమ్మ పుట్టిల్లు. దూప దూప అని సచ్చిన ముసల్ది ఆమె మేనత్త. గందుకే ఉత్త మాటలకు లేవం. సర్కారు మాట, చదివినోళ్లు యంత్రాలు చూసి చెప్పిన మాట అను. ఇప్పుడే లేస్త. అందర్ని లేపుత."

సర్కారు మాటే అనాలని అతని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే అందరూ కదులుతారు. అతను గురవయ్య ముఖంలోకి చూశాడు.

"నా మాటే. యంత్రాలు ఏమీ చెప్పలేదు. సర్కారుకు ఇందులో సంబంధం లేదు. తప్పయినా కావచ్చు. కానీ నాకు కనబడుతోంది, దండం పెడతాను, లేవండి."

గురవయ్య తల అడ్డంగా ఊపి మళ్లీ తాడు అందుకున్నాడు. అంతలో గోపమ్మ తన బర్రెలను విప్పింది. "సారు తప్పు గూడ కావొచ్చు అన్నడు. మోసం జేసెటోడు గా మాట అంటడా? నేనైతే పోతున్న" అంది. ఆమె వెంట కొందరు, వాళ్లను చూసి మరికొందరు కదిలారు. గురవయ్య భార్యను కూడా పొమ్మన్నాడు. తాను మాత్రం ఇల్లు విడిచి రానన్నాడు.

గుట్ట ఎక్కుతుంటే గోపమ్మ జుట్టు ఆరిపోవడం తులసీరాం కళ్లారా చూశాడు. ఒక్కొక్కరే ఆరిపోయారు. పెంటమ్మ చీర కూడా ఆరింది. అతను మళ్లీ కిందికి దిగి గురవయ్య కాళ్లు పట్టుకున్నాడు. చేతులకు పొడి కాళ్లే తగిలాయి. గురవయ్య అతన్ని లేవనెత్తి, "పో బిడ్డా, పరేషాన్ గాకు" అన్నాడు.

మరునాడు పొద్దు నడినెత్తికొచ్చే వేళకు, మబ్బన్నది లేని ఎండలో, ఎగువ నుంచి బండ్లు బారులు తీరి వస్తున్నట్టు ఒక మోత వినిపించింది. ఎక్కడో దూరాన కుంభవృష్టి కురిసి పెద్ద చెరువు కట్ట తెగిందని తర్వాత తెలిసింది. గుట్ట మీద వాళ్లు చూస్తుండగానే ఎర్రటి నీళ్లు ఏటిగడ్డను మింగేశాయి. నీళ్లు తీశాక వేపచెట్టు కొమ్మల్లో గురవయ్య దొరికాడు. కళ్ల మీద ఒండ్రుమట్టి పేరుకుని ఉంది.

లింగస్వామి విచారణకు వచ్చాడు. "సర్కారు పేరు వాడిండ్రా?" అని ఒకటే అడిగాడు.

"లేదు."

"అయితే మీ తప్పు లేదు. మీరు ఈడనే ఉండాలె."

తులసీరాం గోడ మీది పట్టా దించి అతని చేతిలో పెట్టాడు. "ఇప్పుడు పాదరసం చూడకముందే బాట మీద పోయేవాళ్ల బట్టలు చూస్తున్నాను సార్. కొలత రాసేటప్పుడు చెయ్యి అటే లాగుతోంది. ఇలాంటివాడి సంతకం మీరు నమ్మకూడదు."

లింగస్వామి అద్దం మీది దుమ్ము చేత్తో తుడిచాడు. పట్టా తీసుకుని వెళ్లిపోయాడు.

కోదాడ బడిలో లెక్కలు చెప్పే పని దొరికింది. వెళ్లేముందు తులసీరాం గుట్ట మీద పెంటమ్మ వేసుకున్న గుడిసెకు పోయాడు. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది.

"సర్కారు మాట అంటే నా పెనిమిటి లేసి వస్తుండె" అంది, తల ఎత్తకుండా.

"అవునమ్మా."

"మరెందుకనలే?"

"అది సర్కారు మాట కాదు కనక. మీ మేనత్త ఊరిని అలాంటి మాటే ఖాళీ చేయించింది."

పెంటమ్మ చేతులు ఆగాయి. "ఇంకో ఊల్లె గిట్ల కనబడితే ఏం జేస్తవ్?"

"పోయి చెబుతాను. ఇలాగే చెబుతాను."

"గప్పుడు గూడ ఒకడు ఇనడు."

"వినకపోవచ్చు."

ఆమె అతన్ని తేరిపార చూసింది. కళ్లలో కోపం లేదు, క్షమించినట్టూ లేదు. "నువ్వు అబద్ధమాడి ఉంటే బాగుండు అనిపిస్తది సారూ నాకు. నేను సచ్చేదాంక గట్లనే అనిపిస్తది" అని మళ్లీ బియ్యంలోకి వంగింది.

తులసీరాం గుట్ట దిగి కోదాడ బస్సు కోసం బాట వైపు నడిచాడు.