నేను చెప్పని పదకొండు దినాలు

రామాంజులు రక్తం నా చేతికి వచ్చింది తొంభై తొమ్మిదిలో, పంద్రాగస్టు మరుసటి దినం, సోమవారం పొద్దున. అప్పటికి నేను అనంతపురంలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌గా చేరి ఎనిమిదేండ్లు. సీసాకు అంటించిన కాగితం మీద వాని పేరు, వయసు ముప్పై రెండు, ఊరు ముదిగుబ్బ అని ఉండాది. వాణ్ని డాక్టరు దగ్గరికి పంపించింది నేనే. బోర్లు వేసే బండి మీద పనికి షోలాపూరు దిక్కు పోయినవాడు, ఆరు నెలల తర్వాత జ్వరంతో ఇల్లు చేరినాడు. మనిషి సగమైనాడు.

డాక్టరు నాలుగు పరీక్షలు రాసినాడు. టీబీ అయ్యుంటుందని నేను మనసులో తేల్చేసుకున్నాను. అందుకే హెచ్ఐవీ పరీక్ష చివర పెట్టుకున్నాను. ఒక చుక్క రావాల్సిన చోట రెండు చుక్కలు లేచినాయి. రెండంటే ఆ జబ్బు ఉన్నట్టు. కిట్టు చెడిపోయింటుందని ఇంగొకటి విప్పి చేసినాను. మళ్ళా రెండు.

ఆ ల్యాబులో అట్లాంటి చుక్కలు నెలకు నాలుగైదు చూసేవాణ్ని. ఎవరివో. కాగితం మీద రాసి, కవరు అంటించి, చేతులు కడుక్కొని టీ తాగేవాణ్ని. ఆ పొద్దు స్టూలు మీంచి లేవలేకపోయినాను.

మేము నలుగురం ముదిగుబ్బలో ఆరు నుంచి పది దాకా ఒకే గదిలో చదివినవాళ్ళం. పది పాసైనాక దావలు వేరైనాయి. హరినాథ్‌కు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం వచ్చింది. అరుణజ్యోతి టీచరై చిలమత్తూరు చేరింది. నాయన ముందే పోయినందున రామాంజులు పదితో ఆపి బోర్ల బండెక్కినాడు. అయినా మేము విడిపోలేదు. దానికి కారణం అరుణ రాసే కార్డులు. ఎవరింట్లో పురుడైనా, ఎవరికి ఒంట్లో బాగలేకున్నా, ఆ వారంలోగా మిగిలినవాళ్ళకు ఆ యమ్మ కార్డు పోవాల్సిందే. ఏటా మే నెలలో ఒకరింట్లో కలిసేవాళ్ళం. తొంభై ఏడులో అరుణ మొగుడు రోడ్డు ప్రమాదంలో పోయినాడు. నేనూ హరినాథూ మూడు దినాలుండి వచ్చేస్తిమి. రామాంజులు మాత్రం పని మానుకొని, పెద్దకర్మ దాకా చిలమత్తూరులోనే ఉండి ఆ ఇంటికి నీళ్ళు మోసినాడు.

ఇవన్నీ అనుకుంటానే టీ గ్లాసు అందుకున్నాను. ఒక గుక్క మింగినాను. అప్పుడు తట్టింది నాకు, మూడేండ్ల కింద సంగతి.

నా భార్య ప్రసూనకు కాన్పు ధర్మవరంలో, వాళ్ళ పుట్టింటి దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోములో అయింది. బిడ్డ పుట్టినాక రక్తం ఆగలేదు. నాది ఆమెకు సరిపోదు. ఫోను చేస్తే, ఆ వారం ఊర్లోనే ఉన్న రామాంజులు ఎవరిదో మోటారు సైకిలు తీసుకొని ముప్పావు గంటలో వచ్చి పక్క గదిలో పడుకున్నాడు. వాని చేతి నుంచి బాటిలు నిండేది నేను పక్కన నిలబడి చూసినాను. ఆ తొందరలో దానికి ఏ పరీక్ష చేసినారో, చేయలేదో, ల్యాబు పని చేసే నేనే అడగలేదు. ఆ రక్తమే ప్రసూన ఒంట్లోకి ఎక్కింది. ఆ ప్రసూన పాలే మా రేఖ రెండేండ్లు తాగింది.

గ్లాసు యాడ పెట్టినానో గుర్తు లేదు.

మధ్యాహ్నం డాక్టరు ఫోను చేసినాడు. ఖాయం చేసుకునేదానికి రెండో శాంపిలు కావాలని, నీ స్నేహితుడే కాబట్టి నువ్వే పిలిపించమని, విషయం తాను చెప్తానని అన్నాడు. సరే సార్ అన్నాను. పిలిపించలేదు. మరుసటి దినం కూడా పిలిపించలేదు. రామాంజులు ముదిగుబ్బ నుంచి రెండు తూర్లు ల్యాబుకు ఫోను చేసినాడు. ఇంగా రిపోర్టు రాలేదని అబద్ధం చెప్పినాను.

ప్రసూనకూ చెప్పలేదు. చెప్తే ఆమె రక్తం తీయాల. దినానికి ముప్పై మందికి సూది గుచ్చే నేను, ఇంట్లో ఆమె చెయ్యి కంటబడితే తల తిప్పుకునేవాణ్ని. తెలియనంత కాలం ఏమీ లేనట్టే అనుకున్నాను. రేఖను నిద్రపుచ్చుతా దాని మెడ మీద గడ్డలున్నాయేమో తడిమి చూసేవాణ్ని. రామాంజులు మీద ముందు జాలి ఉండేది. నాలుగు దినాలకు అది కోపమైంది. మా ఇంట్లో చావు పెట్టి పోయినాడు అనుకున్నాను. వాడు ఆ పొద్దు రాకపోయింటే ప్రసూన టేబుల్ మీదే పోయుండేదన్న మాట మటుకు నా తలలోకి రాలేదు.

పదకొండో దినం, గురువారం సాయంత్రం, వాడే మా ఇంటికి వచ్చినాడు. సంచి నిండా సీతాఫలాలు తెచ్చినాడు. వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. రేఖ ఎప్పటి మాదిరే పోయి వాని ఒళ్ళో ఎక్కింది. వాడు పండు చీల్చి, గింజ తీసి, గుజ్జు తన వేలితోనే దాని నోట్లో పెట్టినాడు.

నేను పోయి బిడ్డను రెక్క పట్టి లాగినాను. దాని నోట్లో వేలు పెట్టి ఆ గుజ్జంతా గీకి బయట పారేసినాను. పండు పంచుకుంటే ఆ జబ్బు రాదని అనంతపురంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా ఆ పని చేసినాను. రేఖ బెదిరి ఏడ్చింది. లోపల్నుంచి ప్రసూన వచ్చి వాకిలి దగ్గర నిలబడింది.

రామాంజులు తన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత నన్ను చూసినాడు.

"నా రిపోర్టులో ఏమొచ్చింది దివాకర్?"

చెప్పినాను. డాక్టరు గదిలో, తలుపేసి, నెమ్మదిగా చెప్పాల్సిన మాట, ఏడుస్తాండే బిడ్డను చంకనేసుకొని వాకిట్లో చెప్పినాను. ఏదో లెక్క వేసుకున్నట్టు వాని పెదవులు కదిలినాయి. పెండ్లాం గురించి అడుగుతాడనుకున్నాను. తన గురించి అడుగుతాడనుకున్నాను.

"అయితే ప్రసూనమ్మకు?" అన్నాడు.

నేను పదకొండు దినాలు మోసింది వానికి ఒక్క నిమిషంలో అందింది. ప్రసూనకు కూడా అందింది. నాకు ఎప్పుడు తెలిసిందని అడిగింది. పదకొండు దినాలైందన్నాను. రైక చెయ్యి పైకి లాగి, చెయ్యి నా ముందర చాపింది.

ముగ్గురమూ, బిడ్డా, ల్యాబుకు పోయినాము. రామాంజులు బయట బెంచీ మీదే కూర్చున్నాడు, లోపలికి రానన్నాడు. నేను సూది పట్టుకొని ఆగిపోతే ప్రసూన తన చేత్తో నా మణికట్టు పట్టుకొని సూది పెట్టించుకుంది. ఒక్క చుక్క. రేఖకూ ఒక్క చుక్క. మళ్ళా చేసినాను, అంతే. వాడు రక్తమిచ్చినప్పటికి ఆ జబ్బు వానికి ఇంగా సోకలేదు.

బయటికొచ్చి ఇద్దరికీ ఏమీ లేదని చెప్తే, అంతసేపూ కంటి నీళ్ళు పెట్టనివాడు గోడకు తల ఆనించి ఏడ్చినాడు. నేను దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టినాడు. నాగలక్ష్మికి తానే చెప్పుకుంటానని, నన్ను రావద్దని చెప్పి, ముదిగుబ్బ బస్సుకు నడిచిపోయినాడు.

నాగలక్ష్మి వాని భార్య. పెండ్లై ఆరేండ్లైనా పిల్లలు లేరు. సెప్టెంబరు మొదటి వారంలో ఆ పిల్లను తీసుకొచ్చినాడు. పరీక్షలో ఏమీ రాలేదు. ప్రసూన ఆ పొద్దు వాళ్ళిద్దరికీ అన్నం వండి పెట్టింది. సోకినాక రెండు మూడు నెలలు బయటపడకపోవచ్చని, డిసెంబరులో ఇంగొకసారి చూడాలని చెప్పినాను. నేను వాకిట్లో చెప్పిన రాత్రి నుంచే వాడు మంచం వేరుగా వేసుకున్నాడు.

డిసెంబరులో రెండు చుక్కలు వచ్చినాయి.

నాగలక్ష్మిని ప్రసూన మా ఇంటికి తీసుకుపోయింది. రామాంజులు నన్ను ల్యాబు వెనక్కి పిలిచినాడు. కోపంగా లేడు. పద్దు అప్పజెప్పేవాని మాదిరి నెమ్మదిగా చెప్పినాడు.

"నేను ఊరికొచ్చింది ఆగస్టు రెండో తేదీ. అంతకు ముందు ఆర్నెల్లు ఇంటి మొగం చూడలేదు. నువ్వు నా రక్తం చూసింది పదహారో తేదీ. ముందటి పద్నాలుగు దినాలు నావి దివాకర్. తర్వాతి పదకొండు నీవి."

ఏ దినం సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. అది నాకూ తెలుసు, వానికీ తెలుసు.

"ఈ మాట దానికి నేను చెప్పను," అన్నాడు. "చెప్పాలనుకుంటే నువ్వే చెప్పు."

చెప్పలేదు. రెండో తూరి కూడా.

అరుణకు మాత్రం చెప్పినాను. చిలమత్తూరు స్కూలు పక్కన ఎస్టీడీ బూతుకు పిలిపించుకొని, సీతాఫలం సంగతి కాడి నుంచి అంతా చెప్పినాను.

"వాడు నీ పెండ్లానికి రక్తమిస్తే నువ్వు తీసుకుంటివి," అనింది. "వాని చేతిలో పండు నీ బిడ్డను తిననీలేదు." ఫోను పెట్టేసింది. నాలుగైదు నెలలు నాకు కార్డు రాలేదు.

మరుసటి ఏడు మే నెలలో కలవాల్సింది గుంతకల్లులో, హరినాథ్ క్వార్టర్సులో. జబ్బు సంగతి తెలిసి తన భార్య భయపడుతోందని, రామాంజులును పిలవకుంటే మంచిదని హరినాథ్ రాసినాడు. అరుణ మా అందరికీ కార్డు రాసింది. ఈ తూరి ముదిగుబ్బలో, రామాంజులు ఇంట్లో కలుస్తున్నామని ఒకటే వాక్యం. హరినాథ్ రాలేదు. నేనూ ప్రసూనా రేఖా పోయినాము. రామాంజులు తల్లి బయమ్మ సంగటి ముద్దలు చేసి, గోంగూర పప్పు వేసి, మా ముందర పెట్టడానికి జంకి వాకిట్లోనే నిలబడింది. అరుణ లేచి పోయి ఆ తట్ట అందుకొని, రామాంజులు తింటాండే పళ్ళెంలోనే తన ముద్ద వేసుకొని తినింది. నేను తలొంచుకొని తిన్నాను. రామాంజులు నాతో బాగానే మాట్లాడినాడు, వానలు పడతాయా లేదా అని. రేఖ దగ్గరికి పోతే మాత్రం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

రెండువేల ఒకటి మార్చిలో వాడు పోయినాడు. నేను పోయేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. పాడె కట్టి పెట్టినారు. ఊరోళ్ళంతా ఉన్నారు, కానీ దూరంగా, గోడల నీడల్లో. పాడె ఎత్తేదానికి ఒక్కరూ ముందుకు రాలేదు. వాని చిన్నాయన రామదాసు, డెబ్బై ఏండ్ల మనిషి, ఒక్కడే ఒక మూల పట్టుకొని దిక్కులు చూస్తాండాడు. గంట సేపు అట్లే ఉండాది శవం ఎండలో.

ఎవరో చెప్పి పంపితే వచ్చిన హరినాథ్ కూడా వీధి మలుపులో నిలబడిపోయినాడు. అరుణ చెప్పులు విప్పి, కొంగు నడుముకు చుట్టి, పోయి ముందరి కొయ్య కింద భుజం పెట్టింది. ఆడమనిషి పాడె మోయడమేమని ఎవరో అన్నారు. ఆ యమ్మ వాళ్ళ దిక్కు కూడా చూడలేదు.

"హరినాథ్, ఈ పక్క రా," అని పిలిచింది, స్కూల్లో పిలిచినట్టు.

హరినాథ్ వచ్చినాడు. వస్తా ఏడుస్తాండాడు. నేను వెనక పట్టినాను. నలుగురం ఎత్తినాము. మనిషి బరువే లేదు.

తర్వాత నాగలక్ష్మి ముదిగుబ్బలోనే అత్త దగ్గర ఉండిపోయింది. నాలుగేండ్లు అరుణ, ప్రసూన, హరినాథ్ భార్య కూడా, వంతులేసుకున్నట్టు ఆ పిల్లను చూసినారు. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇచ్చేది మా జిల్లాకు వచ్చినాక, నెలకొకసారి నాగలక్ష్మి బస్సు దిగితే నేను స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకుపోయేవాణ్ని. మందులు ఒంటికి పట్టినాయి. ముఖంలో కళ వచ్చింది.

రెండువేల ఆరులో ఒక పొద్దు, మందుల కిటికీ ముందర బెంచీ మీద కూర్చొని ఉన్నాము. నేను స్కూటరు మీద తీసుకొచ్చినందుకు ఆ పిల్ల ఎప్పటి మాదిరే, నీకు పని చెడగొడుతున్నానన్నా అనింది. ఇంగ నా వల్ల కాలేదు. ఆగస్టు పదహారు నుంచి మొదలుపెట్టి, రామాంజులు ల్యాబు వెనక చెప్పిన లెక్క దాకా అంతా చెప్పేసినాను. ఆమె ముఖం చూడలేక గచ్చు చూస్తా చెప్పినాను.

"తెలుసన్నా," అనింది.

నేను తలెత్తినాను.

"ఆ డిసెంబరులోనే, మీ ఇంట్లో, ప్రసూనక్క చెప్పింది. మా ఆయప్ప మాత్రం తాను పోయేదాకా చెప్పలేదు."

ఆరేండ్లకు పైగా ఇద్దరాడోళ్ళకూ తెలుసు. ఒకామె నాకు దినమూ అన్నం పెట్టింది. ఇంగొకామె నా స్కూటరెక్కి నా వెనక కూర్చునింది.

"తెలిసి కూడా నా బండెక్కినావా?" అన్నాను.

"నీ అంతట నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తాంటి," అనింది నాగలక్ష్మి. "కొన్ని దినాలు నిన్ను చూస్తే ఒళ్ళు మండేది. కొన్ని దినాలు మండేది కాదు. ఈ పొద్దు ఎట్లుండాదో నాకే తెలీదన్నా."

కిటికీ దగ్గర ఆమె నెంబరు పిలిచినారు. లేచి, కొంగు సర్దుకొని, కార్డు తీసుకొని పోయింది. నేను ఆ బెంచీ మీదే కూర్చున్నాను. ఆమె మందుల కవరుతో తిరిగొచ్చి, బస్సుకు టైమవుతోందని చెప్పింది.