సమాధానం చెప్పని ఆదివారాలు

టైలరమ్మకూ నర్సమ్మకూ మాటల్లేక ఆరేళ్ళు. ఇద్దరూ తోడికోడళ్ళు, ఒకే ఇంట్లో కాపురం. కింద పెద్దకోడలి కుట్టు దుకాణం, పైన, నర్సు ఉద్యోగం చేసే చిన్నకోడలి వాటా. మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడ వైపు, ఒకరు కటకటాల వైపు ముఖం తిప్పుకొనేవారు.

చర్చిలో మాత్రం పోయిన అత్తగారు కూర్చునే బల్లను వదులుకోవడానికి ఇద్దరికీ పౌరుషం అడ్డొచ్చేది. అందుకని మొగుళ్ళిద్దరినీ మధ్యలో గోడలా కూర్చోబెట్టుకొని, చెరో చివరా కూర్చునేవారు. పూజలో ఫాదర్ "ఒకరికొకరు సమాధానము తెలుపుకొనండి" అనగానే మగవాళ్ళ మీదుగా ముందుకు వంగి, "క్రీస్తు సమాధానము నీకు కలుగునుగాక" అని ఒకరూ, "నీకును" అని ఒకరూ అనేసి మళ్ళీ మూతులు బిగించుకొనేవారు. వారానికి అదొక్కటే మాట.

ఇంతలో కొత్త ఫాదర్ వచ్చారు. కుర్రవాడు, ఉత్సాహం ఎక్కువ. "సమాధానమంటే శాంతి. మనసులో లేకుండా నోటితో అంటే అది అబద్ధం. పీఠం ముందు అబద్ధమాడేకంటే నోరు మూసుకోవడం మేలు!" అని మొదటి ప్రసంగంలోనే దంచేశారు. అందరూ తలలూపారు, మామూలుగానే మరిచిపోయారు. ఒంటబట్టించుకొన్నది ఇద్దరే.

మరుసటి ఆదివారం ఆ ఘడియ రాగానే తోడికోడళ్ళిద్దరూ నోరు మూసుకొన్నారు. ఏం చేయాలో తోచక అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు రెండుసార్లు సమాధానం చెప్పుకొన్నారు.

టైలరమ్మకు మొదట హాయిగానే ఉంది. తను ముక్కుసూటి మనిషి, దొంగ మాట తప్పింది అనుకొంది. కానీ సోమవారం ఓ గౌనుకు కుడిచెయ్యి ఎడమవైపు కుట్టేసింది. మూడో ఆదివారానికి అసలు సంగతి తెలిసొచ్చింది. ఆ ఒక్క మాటలోనే చిన్నదానికి జలుబు చేసిందో, డ్యూటీలతో నలిగిపోయిందో ఇన్నాళ్ళూ కనిపెడుతూ వచ్చింది. ఇప్పుడు ఆ ఆధారమూ పోయింది.

పూజ కాగానే చర్చి మెట్ల మీద దారికి అడ్డంగా నిలబడింది.

"ఏమే, నోరు పడిపోయిందా?"

నర్సమ్మ ఉలిక్కిపడింది. "నీ మనసులో లేదుగా అక్కా. అబద్ధమెందుకని ఊరుకున్నా."

"నా మనసులో లేదని నీకెవరు చెప్పారు? ఆరేళ్ళుగా సమాధానం, సమాధానం అంటున్నావే, నేనడిగినదానికి ఒక్కనాడైనా సమాధానం చెప్పావా?"

మాటలు ఆగిపోయిన రోజున ఆమె అడిగింది ఒకటే. అత్తగారు పైన చిన్నకోడలి వాటాలో పోయిన మధ్యాహ్నం తను కింద మిషను తొక్కుతోంది. పద్దెనిమిది మెట్లు దిగితే కబురు అందేది. ఎందుకు పిలవలేదు?

నర్సమ్మ చెప్పేసింది. "పిలుద్దామనే లేచా. అత్తయ్య నా చెయ్యి పట్టుకొని, 'పెద్దదానా, వచ్చావా' అంది. నన్ను చూసి నువ్వనుకుంది. పదేళ్ళు మందులు పోసింది నేను, అడిగింది నిన్ను! ఒళ్ళు మండింది. అయినా 'వచ్చానత్తయ్యా' అన్నా. ఇక నువ్వొస్తే నేను నువ్వు కాదని తెలిసిపోదూ? అందుకే పోయేదాకా నువ్వైపోయి కూర్చున్నా."

టైలరమ్మ దగ్గరికి జరిగింది. "నన్నే అడిగిందా?"

"నిన్నే. రెండుసార్లు."

"ఈ మాట ఆరేళ్ళు కడుపులో దాచుకున్నావా, పాపిష్టిదానా!"

"చెబితే నువ్వు మురిసిపోతావని దాచా!"

గొంతులు లేచాయి. గుంపు చేరింది. కొత్త ఫాదర్ అంగీ ఎత్తిపట్టుకొని పరుగున వచ్చారు. "అమ్మా! చర్చి ముందు ఇదేం కొట్లాట? నేను చెప్పిందేమిటి, మీరు చేస్తున్నదేమిటి?"

"మీరు కాస్త ఉండండి ఫాదర్," అంది టైలరమ్మ కళ్ళు తుడుచుకొంటూ. "మీరు చెప్పినట్టే మనసులో ఉన్నదే మాట్లాడుకుంటున్నాం."

తోడికోడలి చెయ్యి పట్టి వీధిలోకి లాక్కుపోయింది. "ఏమంది? మళ్ళీ చెప్పు. మొదట్నించీ చెప్పు." నర్సమ్మ విసుక్కొంటూనే చెప్పసాగింది. మొగుళ్ళిద్దరూ పది అడుగుల దూరంలో బిక్కుబిక్కుమంటూ వెంట నడిచారు.

ఫాదర్ మాత్రం నీరుగారిపోయి లోపలికి వెళ్ళి, వచ్చే ఆదివారానికి నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి ప్రసంగం రాయడం మొదలుపెట్టారు.