పుట్టిన తేదీ గడిలో

మోకాళ్లు ఎప్పుడు ఇంత పెరిగాయో మరి, ఐదేళ్లు ఈ బెంచీ కిందే కదా కాళ్లు ఊపుకుంటూ కూచుంది, ఇప్పుడు దూర్చిన కాలు బయటికి రానంటోంది, బడి గుమాస్తా చూస్తే నవ్వుతాడు, నవ్వనీ, వాడు తాళంచెవి తెస్తానని వెళ్లి అరగంటయింది, రిజిస్టర్ల గది తాళం ఒకరి దగ్గరట, బీరువా తాళం ఇంకొకరి దగ్గరట, ఆ ఇద్దరూ ఒకే రోజు బడికి రావడం లోకంలో ఎనిమిదో వింతట, ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా మిల్లు ఆఫీసులో కాగితం పడకపోతే శుక్రవారంతో ఉద్యోగం సరి, నలభై ఏళ్లు తెగిన దారాలు అతికిన చేతులకి ఒక గోడగడియారం, నాలుగు చప్పట్లు, ఆ వెంటనే క్వార్టరు ఖాళీ చెయ్యమ్మా అంటారు, చెయ్యాలి, ఉన్నది ఒక్క గది, ఒక్క కిటికీ, లోపల గడియ పెట్టుకుంటే ఎవరూ పిలవని గది, అది పోతే మిగిలేది అన్నయ్య ఇల్లు, వదిన మంచం ఎక్కడ వెయ్యాలో అప్పుడే చూసేసింది, వంటింటి పక్క వసారాలో, మనవళ్లని చూసుకోడానికి నువ్వున్నావుగా ఇంక నాకేం దిగులు అంది నవ్వుతూ, ఒళ్లు మండింది, మండి ఏం చేసింది, తనూ నవ్వింది.

యాభై ఎనిమిది కాదు బాబూ యాభై ఆరు అని మిల్లు ఆఫీసులో గొంతు చించుకుంది, నేను పుట్టిన ఏడే మన మిల్లు గోదాము తగలబడింది, పొగ మంచం దాకా వస్తే పదకొండు రోజుల పసిగుడ్డుని దుప్పట్లో చుట్టుకుని మా అమ్మ పరిగెత్తింది, ఆ తేదీ మీ గేటు దగ్గర రాతిపలక మీదే ఉంది చూసుకోండి అంటే, ఆఫీసరు రాతిపలక మీద నీ పేరుందా అన్నాడు, పోనీ మా అన్నయ్య సర్టిఫికెట్టు చూడండి, మీ కాగితాల ప్రకారం వాడు నాకన్నా నాలుగు నెలలే పెద్ద, మా అమ్మ ఏమన్నా కోడిపెట్టా అంది, గుమాస్తాలు పగలబడి నవ్వారు, ఆఫీసరు నవ్వలేదు, నవ్వితే ఒప్పుకున్నట్టే కదా, బడి రిజిస్టరులో ఏముంటే అదే నీ వయసు, తప్పయితే తప్పని వాళ్లచేత రాయించుకురా పో అన్నాడు, పదహారేళ్ల పిల్లని పద్దెనిమిదని పన్లోకి తీసుకున్న రోజు ఇదే తప్పు వీళ్లకి బెల్లంలా ఉంది, ఆవేళ ఎవడూ రాయించుకురమ్మనలేదు.

తప్పా, గీతల మాస్టారి చేతిలోనా, లెక్కల మాస్టారాయన, ఎర్ర పెన్సిలూ స్కేలూ లేకుండా ఆయన్ని చూసినవాడు లేడు, హాజరు పట్టీకి గీతలు, పిల్లల పుస్తకాలకి గీతలు, సైన్సు టీచరమ్మ అయితే చెవి మెలేసేది, ఏడిస్తే మళ్లీ తన రుమాలే ఇచ్చేది, డ్రిల్లు మాస్టారు ఈల నోట్లో పెట్టుకునే కునుకు తీసేవాడు, ఊపిరి వదిలినప్పుడల్లా ఈల సన్నగా మోగేది, గీతల మాస్టారు మాత్రం కొట్టలేదు, తిట్టలేదు, తలెత్తేవాడే కాదు, నల్లబల్ల మీద లెక్క వేసి ఏయ్ మూడో బెంచీ, జవాబు, అనేవాడు, తను లేచి చెప్పేది, ఊఁ అనేవాడు, ఆ ఊఁని ఇంటిదాకా మోసుకెళ్లి అమ్మకి అప్పజెప్పేది, నలభై ఏళ్లు యంత్రాల హోరులో పక్కదాని మాట పక్కదానికి వినపడని చోట ఆ ఊఁ ఒక్కటే వినపడేది, అలాంటి మనిషి ఊరికే రాస్తాడా, చురుకైన పిల్ల, పరీక్షకి వయసు చాలదంటే చదువు ఆగిపోతుందని రెండేళ్లు కలిపి ఉంటాడు, తన కోసమే కలిపి ఉంటాడు, మరి ఇవాళ దిద్దమని అడగడమంటే ఆయన్ని దొంగని చెయ్యడమే కదా, అడక్కపోతే వసారా, అడిగితే ద్రోహం, ఈ కాలు చూడు ఇంకా రాదు.

దొరికిందమ్మా, మీ అదృష్టం, చెదలు పక్క పేజీ దాకా తిని విశ్రాంతి తీసుకుంటున్నాయి అంటూ గుమాస్తా రిజిస్టరు బల్ల మీద పడేశాడు, దుమ్ము లేచింది, తుమ్మింది, ముప్పై ఒకటో వరసలో తన పేరు, పేరు కింద ఆ ఎర్ర గీత మాస్టారిదే, పుట్టిన తేదీ గడిలోకి వేలు జరిపింది, తేదీ లేదు, రెండు చిన్న గీతలున్నాయి, ఇదేంటి బాబూ అంటే డిట్టో అమ్మా, పైన ఏదుంటే అదే అన్నాడు, పైన చూసింది, అక్కడా రెండు గీతలే, ఆపైనా అవే, వేలు పాక్కుంటూ పోయింది, ఇరవై, పన్నెండు, ఐదు, అన్నీ జంట గీతలే, మొదటి వరసలో మాత్రం తేదీ ఉంది, అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, ముత్యాల్లా ఉంది, తండ్రి వృత్తి మిల్లు యజమాని, రెండో వరసలో మిల్లు కూలీ, ఇక అక్కణ్నించి చివరిదాకా మళ్లీ జంట గీతలే.

యజమాని కొడుకు చినబాబు, పెద్ద బడిలో రెండేళ్లు తప్పి ఇక్కడికొచ్చి పడ్డ చినబాబు, అందరికన్నా జానెడు పొడుగు, పుట్టినరోజున డ్రైవరు చాక్లెట్ల డబ్బా తెస్తే అందరూ చప్పట్లు కొట్టి తలా ఒకటి తీసుకున్నారు, కాగితాల ప్రకారం ఆవేళ నలభై మందికీ పుట్టినరోజే, ఎవడికి తెలుసు, వాడి వయసుకి కొలిచి కుట్టిన చొక్కా, మిగతా నలభై మందికీ తొడిగేశారు, శుక్రవారం ఆ చినబాబుగారికీ యాభై ఎనిమిదే, ఆయన్ని ఎవడు దిగిపొమ్మంటాడు, దిగిపొమ్మని సంతకం పెట్టేది ఆయనే, తనతోపాటు దిగిపోయే పంతొమ్మిది మంది పేర్లు నోటీసు బోర్డు మీద అంటిస్తే ఒకే తరగతి వాళ్లం కదా ఒకే ఈడు అనుకుంది, దూది విభాగంలో పొట్టివాణ్ని తమ్ముడూ అని పిలుస్తూనే అనుకుంది, బుర్ర ఎక్కడ పెట్టిందో, మాస్టారు రెండేళ్లు కలపలేదు, తీయలేదు, తనని చూడనే లేదు, మూడో బెంచీలో గుమ్మడికాయ పెట్టినా ఊఁ అనేవాడే, ఆ ఊఁ మీద ఒక బతుకంతా, ఛీ, ఎక్కిళ్లు రాబోయాయి, గుమాస్తా ముందు ఏడవడమేంటని నాలిక కొరుక్కుంది.

మీ ఒక్కరిదయితే ఇప్పుడే చేయిస్తానమ్మా, హెడ్‌మేడమ్ లోపలే ఉన్నారు, ఇదిగో ఇక్కడ సంతకం పెట్టండి అని కాగితం జరిపాడు, చదివింది, మిగతా గడులన్నీ సరైనవే, నాదొక్కటే రాతలో పొరపాటు అని ఉంది, ఇదెందుకు బాబూ అంది, పేజీ మొత్తం కదిలితే బడి పరువు పోతుంది కదమ్మా, మొత్తం పేజీకి నకలు కావాలంటే పైవాళ్లనడగాలి, వారం పైనే, మీకు ఐదింటికే కావాలాయె, తెలివిగలవారు, మీకు చెప్పాలా అన్నాడు, పెన్ను చేతిలో పెట్టాడు, పెన్ను బాగానే ఉంది, గడియ పెట్టుకునే గది కళ్లముందే ఉంది, కిటికీలోంచి పొద్దుటి ఎండ మంచం మీద పడడం కూడా కనపడింది, కావాలి, ఎవరేమన్నా ఆ గది కావాలి, వేలు మాత్రం రిజిస్టరులో పొట్టివాడి పేరు మీద ఆగిపోయింది, కదలదే, నాదొక్కటే పొరపాటట, మరి వీడిదో, పెన్ను కింద పెట్టి, మొత్తం పేజీ నకలుకి అర్జీ ఎలా రాయాలో చెప్పు బాబూ అంది, అయ్యో మీ శుక్రవారం పోతుందే అన్నాడు వాడు నిజంగానే జాలిగా, పోతుందని తెలుసు, వదిన మంచం సర్దేస్తుందనీ తెలుసు, తెలిసే తెల్లకాగితం లాక్కుంది, ఇన్నాళ్లూ తనొక్కతే ఒంటరిగా ముసలిదయిపోయిందనుకుంది, కాదు, ఏదో ఒక పొద్దున, గంట కొట్టేలోగా, నలభై మంది పిల్లల్నీ ఒకే చేత్తో ముసలివాళ్లని చేసేశారు.