మేవిస్ ఎంచుకున్న పలకలు

ప్రెస్సు తెరుచుకోగానే అరలన్నిటిలోంచి ఆవిరి ఒక్క ఊపున బయటికి తన్నుకొచ్చింది. మేవిస్ ట్రస్కాట్ అలవాటుగా మొహం పక్కకు తిప్పుకుంది. వేడి జిగురు వాసన, తడి చెక్క వాసన కలిసిన ఆ ఆవిరి పంతొమ్మిదో ఏటి నుంచి ఆమె జుట్టులోనే ఉంది. ఎంత రుద్ది తలస్నానం చేసినా పోదు. తయారైన ప్లైవుడ్ బల్లలు అవతలివైపుకు జారిపోయాయి. జిగురు పూసిన కొత్త పొరల దొంతర్లు అరల్లోకి ఎక్కాయి. ఆమె బొత్తాం నొక్కింది. పలకలు దబ్బున మూసుకున్నాయి.

గబుక్కున మూయాలి, పూర్తి బలంతో మూయాలి. ఆలస్యమైతే ఒత్తిడి పడకముందే జిగురు ఎండిపోయి బల్ల పొరలుపొరలుగా విడిపోతుంది. మిల్లులో చేరిన రోజున ఆమెకు నేర్పింది అదే. ఆ తర్వాత కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేకపోయింది.

పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. నెరిసిన జడను యంత్రంలో పడకుండా చొక్కా కాలరులోకి దోపుకుంటుంది. మిల్లు మోతకు ఎడమచెవి ఏనాడో వినడం మానేసింది. కాలి కాలి కుడిచేతి వేళ్ల కొసలు నున్నబడిపోయాయి. ఆఫీసులో వేలిముద్రతో తెరుచుకునే కొత్త తలుపు పెట్టినప్పుడు అది ఆమెను మాత్రం లోపలికి రానివ్వలేదు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఆనాటి నుంచి సరుకు లారీలు వచ్చే దారిలోంచి లోపలికి వస్తోంది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ఎల్డన్ ఆమె పక్కన కూర్చున్నాడు. మిల్లులో జిగురు కలిపేవాడు, నోరు ఊరుకోదు.

"ఇంట్లో కూడా మిల్లు పెట్టావటగా మేవిస్? జీతం ఎంతిస్తున్నాడేంటి మీ ఆయన?"

"తిట్లిస్తున్నాడు, చాలా? ముందు నీ శాండ్‌విచ్ తిను," అంది మేవిస్.

ఎల్డన్ నవ్వాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. బయట ఆమె ట్రక్కులో, పక్కసీటు మీద, వెనక్కి ఇచ్చెయ్యాల్సిన పలకల డబ్బా ఉంది. పొద్దున దానిమీదే ఇంట్లో గొడవ అయింది.

హార్లన్ ముప్పై ఏళ్లు దుంగల లారీ నడిపాడు. ఈ మిల్లుకే తోలేవాడు. వీళ్ల పరిచయం కూడా యార్డులోనే. ఒకప్పుడు లారీ తలుపుకు అడ్డం నిలబడితే అవతలిది కనబడేది కాదు. ఇప్పుడు ముందుగదిలో, కిటికీ పక్కన వేసిన ఆస్పత్రి మంచంలో సగం కూడా నిండడు. క్యాన్సరు ఎముకల్లోకి దిగింది. నర్సు ఇచ్చే మార్ఫిన్ నొప్పిని ఆపుతుంది గానీ మనిషిని ఎటో తీసుకుపోతుంది. మేవిస్ ఇంటికి వచ్చేసరికి అతను చచ్చిపోయిన తన కుక్కతో మాట్లాడుతూ ఉండేవాడు. ఒకటి రెండుసార్లు ఆమెను వాళ్లమ్మ అనుకున్నాడు. తెలివొచ్చాక సిగ్గుపడి, సాయంకాలం ఆమె ట్రక్కు చప్పుడు వినబడే వేళకైనా తనలో తానుండాలని ఉందని చెప్పాడు. అంతకుమించి అతను ఆమెను ఏమీ అడగలేదు.

మార్ఫిన్ తగ్గించొచ్చని దుకాణాల్లో అమ్మే గంజాయి నూనె తెస్తే అందులోని పళ్ల వాసనకు వాంతి చేసుకున్నాడు. పొగ తాగడానికి ఊపిరితిత్తులు ఒప్పుకోవు. పక్కింటి ఐడా తన తమ్ముడు ఇంట్లోనే రోజిన్, అంటే గంజాయి జిగురు, తీస్తాడని చెప్పింది. మొగ్గల్ని జాలీసంచిలో పెట్టి రెండు వేడి పలకల మధ్య నొక్కితే జిగురు దానంతటదే కారుతుంది. అందులో ఇంకేమీ కలపనక్కర్లేదు. మొగ్గలకు కొదవ లేదు. చట్టప్రకారం ఇంటికి నాలుగు గంజాయి మొక్కలు వేసుకోవచ్చు కనుక, వసంతంలో ఇంకా నడవగలిగినప్పుడే హార్లన్ టమాటాల పక్కన నాలుగూ వేశాడు. వాటికి మేవిస్ అక్కచెల్లెళ్ల పేర్లు పెట్టాడు. పురుగు పట్టినదానికి పెద్దక్క పేరు.

ప్రెస్సు కూడా గరాజులో ఉంది. లారీ చక్రాల్లోంచి బేరింగులు ఊడదీయడానికి వాడిన ఇనుప చట్రం, దానికి కింద జాకీ. కావలసిందల్లా పలకలే. హార్లన్ మంచంలో పడుకునే అవి ఎంచాడు. ఇల్లు ఎక్కడ కట్టాలో, ట్రక్కు ఏ రంగుదో, సెలవుల్లో ఏ నదికి చేపలకు పోవాలో ఎప్పుడూ అతనే ఎంచేవాడు. చాలావరకు బాగానే ఉండేవి. అందుకని ఈసారి కూడా ఆమె అడ్డు చెప్పలేదు. రొట్టెలు కాల్చే రేకంత వెడల్పు పలకలు వచ్చాయి.

మొదటిసారి సంచి చిట్లిపోయింది. తప్పు పలకలది కాదు, ఆమె చేతిది. మిల్లులో మూసినట్టు గబగబా జాకీ కొట్టేసింది. రెండోసారి వచ్చింది తారులా నల్లగా ఉంది. మూడోసారీ అంతే. వేడి తగ్గిస్తే ఏమీ రాలేదు, పెంచితే మాడింది. పలక మధ్యలో ఒక వేడి, అంచున ఇంకో వేడి. ఇలా కోతలో సగానికిపైగా పాడైంది. ఆ నల్లటిదాన్నే హార్లన్ నాలుకమీద వేసుకుని మొహం చిట్లించి మింగాడు. రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు.

అందుకే పొద్దున ఆమె వాటిని మార్చి చిన్నవి తెస్తానంది. చిన్నవే కావాలంటే ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉందిగా, ట్రక్కు డీజిలు ఎందుకు తగలేస్తావన్నాడు హార్లన్. ఆమె తలుపు గట్టిగా వేసి వచ్చేసింది.

షిఫ్టు దిగి ఊరిచివర దుకాణానికి వెళ్లేసరికి వాన పట్టుకుంది. దుకాణం డెస్మండ్‌ది. ఒకప్పుడు స్కూల్లో బ్యాండు మాస్టరు. మాట మొదలుపెడితే చెయ్యి కూడా తాళం వేస్తూ ఉంటుంది. ఆమె డబ్బా బల్లమీద పెట్టి కథంతా చెప్పింది. అతను విని, ముందు గాజు తెరతో ఉన్న మెరిసే యంత్రం చూపించాడు. అన్నీ అదే చేసుకుంటుందన్నాడు. తనకు ప్రెస్సు ఉందని ఆమె చెప్పింది. గుండ్రటి పలకలు చూపించాడు. తర్వాత ఉక్కువి. ఉక్కు వేడిని పట్టి ఉంచుతుందని కొందరు, అల్యూమినియం సమంగా పంచుతుందని కొందరు అంటారనీ, ఎవరి అనుభవం వారిదనీ చెప్పుకుపోయాడు. ఆమె చెవిటి చెవి అతనివైపు తిప్పి నిలబడింది. తడిసిన చొక్కా వీపుకు అంటుకుంటోంది. జీవితంలో ప్రతి వస్తువు గురించీ ఎవడో ఒక మగవాడు తనకు వివరిస్తూనే ఉన్నాడనిపించింది.

ఆమె అతని మాట మధ్యలోనే చెయ్యి చాపి, పై అరలో ఉన్న జత ఒకటి తీసింది. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు. మందమైన అల్యూమినియం. ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూసింది. సందు కనబడలేదు.

"ఇవి ఎలా ఉంటాయి?"

"మీకు కావలసినవి అవేనమ్మా," అన్నాడు డెస్మండ్. "వెడల్పు పలకమీద జిగురు బయటికొచ్చేలోగానే మాడిపోతుంది. వీటిమీద అయితే పుట్టగానే అంచు దాటేస్తుంది."

"మరి ఆ పెద్దవి ఎందుకిచ్చారు మాకు?"

"మీ ఆయన ఫోన్‌లో పలకల మోడల్ నంబరు చదివి, అవే పంపమన్నారు. సలహా ఇవ్వబోతే, ముప్పై ఏళ్లు లారీ నడిపాను నాకు చెప్పకు అన్నారు."

మేవిస్ పెద్ద పలకల డబ్బాను అతనివైపు తోసి, చిన్నవి తీసుకుంది. అది హార్లన్ మాటే. అక్షరం తేడా లేదు.

ఇంటికొచ్చేసరికి ఐడా కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పగలంతా హార్లన్ ఏమీ తినలేదనీ, మార్ఫిన్ వద్దన్నాడనీ, తల స్పష్టంగా ఉండాలని పంతం పట్టాడనీ చెప్పి వెళ్లిపోయింది. హార్లన్ మొహం బూడిదరంగులో ఉంది. పై పెదవిమీద చెమట. కళ్లు మాత్రం పాత కళ్లే.

"ఏవీ, చూపించు నీ బొమ్మ పలకలు."

చూపించింది. వాటిని ఎత్తడానికి అతని చెయ్యి చాలలేదు. వేలితో తడిమి వదిలేశాడు.

"వీటితో ఎవరి కోసం వండుతావే, ఉడతల కోసమా?"

"నోర్మూసుకుని పడుకో," అంది మేవిస్. గరాజులోకి పోయింది.

పలకల రంధ్రాలు చట్రానికి కుదరలేదు. డ్రిల్లు తెచ్చి చట్రానికి కొత్త రంధ్రాలు వేసింది. బిగించాక పైపలక ఒకవైపు వాలింది. నాలుగు మూలలా కాగితపు ముక్కలు పెట్టి జాకీ ఎత్తి లాగి చూసింది. మూడు చిక్కుకున్నాయి, నాలుగోది తేలిగ్గా ఊడి వచ్చింది. విప్పి మళ్లీ బిగించింది. ఈసారి ఇంకో మూల వదులు. రెంచి జారి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. కాళ్లదగ్గరున్న బకెట్టును ఒక్క తన్ను తన్నింది. అది గోడకు కొట్టుకుని దొర్లింది.

"ఏమైందే?" లోపలినుంచి హార్లన్ గొంతు, సన్నగా.

"ఏం కాలేదు!"

గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. అంత పెద్ద ప్రెస్సును పక్కనపెట్టుకుని బతికినదానికి, అరచేతిలో పట్టే రెండు లోహపు ముక్కలు లొంగడం లేదు. మిల్లులో ఇది తన పని కాదు. పలకలు సరిచేసేవాళ్లు వేరే ఉంటారు. ఆమె పని మూయడం, తెరవడం. చివరికి సిగరెట్టు పెట్టెలోని రేకు కాగితం మడిచి వదులు మూల వెనక పెట్టి బిగించింది. నాలుగు కాగితాలూ చిక్కుకున్నాయి.

కరెంటు పెట్టాక పలకలు వేడెక్కాయి. మిగిలిన మొగ్గల్లో మంచివి ఏరి సంచిలో కూరి, బటర్ పేపర్ మడతలో పెట్టి, పలకల మధ్యకు జరిపింది. జాకీ పిడిమీద చెయ్యి వేసింది. చెయ్యి గబగబా కొట్టాలని తహతహలాడింది. ఇన్నేళ్ల అలవాటు అది. పళ్లు బిగబట్టి ఒక్కసారి కొట్టి ఆగింది. పలకలు సంచిని ఊరికే తాకాయి. మొగ్గలు వెచ్చబడనిచ్చింది. ఇంకోసారి. ఆగింది. ఎవరో చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టు ఉంది ఆ నిదానం. మరోసారి. అప్పుడు కాగితం లోపల నూనె చిటపటమన్న సన్నని చప్పుడు కుడిచెవికి వినబడింది. అంచునుంచి తేనెరంగు చుక్క ఒకటి బయటికొచ్చి, సాగి, కాగితంమీద పరుచుకుంది. దాని వెనకే ఇంకోటి.

మొత్తం వచ్చింది రెండు శనగగింజలంత. చల్లారాక బ్లేడుతో గీరి చిన్న గాజుసీసాలో వేసి, తింటే మందుగా పట్టాలంటే వేడి తగలాలి కనుక, ఓవెన్‌లో సన్నని సెగన, బుడగలు పొంగడం మానేదాకా ఉంచింది. కాస్త వెన్న కరిగించి అందులో కలిపింది. రొట్టె కాల్చి పైన రాసింది. అప్పటికి కిటికీలో ఇంకా కొంచెం వెలుతురు ఉంది. వాన ఆగలేదు.

తలగడ ఎత్తుచేసి అతన్ని కూర్చోబెట్టింది. రొట్టె నోటికి అందించింది. చాలాసేపు నమిలాడు. మింగి, నీళ్లు తాగాడు. ఆమె అతని మొహంలోకే చూస్తోంది. మెచ్చుకోలు కోసం కాదని తనకు తాను చెప్పుకుంది.

"మాడలేదు," అన్నాడు.

"మాడదు."

"రుచి కూడా బాగానే ఉంది." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "పెద్ద పలకలైతే ఇంకొంచెం వచ్చేది."

మేవిస్‌కు ఒళ్లు మండింది. రొట్టెను పళ్లెంలో పెట్టి, పళ్లెం అతని చేతికి అందేలా దుప్పటిమీద ఉంచి, వంటగదిలోకి వెళ్లిపోయింది. కొళాయి తిప్పింది. వెన్న గిన్నె తోముతూ, గోడ అవతలికి వినబడేలా గట్టిగా మొదలుపెట్టింది. ఆ పెద్ద పలకలు కోతలో సగాన్ని బుగ్గిచేశాయంది. డెస్మండ్ అంతా చెప్పాడంది. వంకర గుమ్మం సంగతి ఎత్తింది. కట్టిన రోజునే వంకరని నేను చెప్పినా వినకుండా, ఇల్లే సర్దుకుంటుందన్నావు, ఇప్పటికీ తలుపు పట్టడం లేదంది. చేపలకోసం వెళ్లి బురదలో కూరుకుపోయిన ట్రక్కు సంగతి కూడా ఎత్తింది. మాట్లాడుతున్నకొద్దీ గొంతు తేలికపడింది. ఇన్నేళ్లలో ఇంత పొడుగున ఆమె అతనితో పోట్లాడింది లేదు. ట్రక్కు కథ దగ్గర తనకే నవ్వొచ్చింది. అతను ఎదురు చెప్పడానికని ఆగింది.

కొళాయి కట్టేసింది. వానచప్పుడు మాత్రమే ఉంది. చెవిటి చెవివైపు ఉన్నాడేమోనని కుడిచెవిని ముందుగదివైపు తిప్పి నిలబడింది.

"హార్లన్?"

చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. అతని తల కిటికీవైపు ఒరిగి ఉంది. నుదుటిమీది ముడతలన్నీ విడిపోయాయి. మందు పనిచెయ్యడానికి ఇంకా వేళ కాలేదని ఆమెకు తెలుసు. నున్నబడిన వేళ్లను మెడదగ్గర నాడి కోసం ఆనించి, చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత కుర్చీ జరుపుకుని మంచం పక్కన కూర్చుంది. దీపం వెయ్యలేదు. నర్సుకు ఫోను చెయ్యాలి. ఐడాను పిలవాలి. ఇంకాసేపు ఆగి పిలుద్దామనుకుంది.

దుప్పటిమీద పళ్లెం ఒరగకుండా ఉంది. అందులో రొట్టెముక్క, ఒకపక్క అతని పళ్ల గుర్తు, మిగతా అంతటా మళ్లీ గడ్డకడుతున్న పసుపుపచ్చని వెన్న.