బనీను మార్చినవాడు

పటాన్‌చెరు పైపుల కంపెనీలో ఏలీయా నోరు తెలియనివాడు లేడు. డెబ్బై నాలుగో సంవత్సరం అది. కంపెనీ వాలీబాల్ టీంలో ఎవడు పనికొస్తాడో, ఎవణ్ణి తీసిపారెయ్యాలో ఏలీయాను అడిగితే చాలు. అడగకపోయినా చెప్పేవాడు. తాను మాత్రం ఒక్కనాడు బంతి ముట్టిన పాపాన పోలేదు. లైను పక్కన నిలబడి అవతలి షూటర్ల పుట్టుపూర్వోత్తరాలు ఎత్తిపొడవడమే అతని ఆట. ఆ నోటి కోసమే వెల్ఫేర్ ఆఫీసర్ సూర్యప్రకాశరావు మ్యాచ్ ఉన్న రోజు అతనికి డ్యూటీ మాఫీ చేసేవాడు.

"కంపెనీ ధర్మసత్రం గాదు," అనేవాడు ఏలీయా క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ. "ఆడెటోళ్లకు బూట్లిచ్చింది, బనీనిచ్చింది, మిషన్ కాడికి పోకున్నా జీతమిచ్చింది. ఎగిరినన్ని దినాలు ఉంచుకుంటది. ఎగరనోణ్ణి ఏం జేసుకుంటది?"

తన భార్య సువార్తమ్మ తమ్ముడు దేవదానం విషయంలోనూ ఇదే మాట అన్నాడు మహానుభావుడు. కంది ఊళ్లో చర్చి వెనక ఆడుకుంటున్న పిల్లవాణ్ణి కంపెనీ జీపు వచ్చి ఎక్కించుకుపోయింది. టెంపరరీ అని పేరు రాసుకుని, నెట్ దగ్గర ఎగిరి బంతి బాదే షూటర్‌గా ఆడించి, కప్పులు గెలుచుకుంది. సంగారెడ్డి టోర్నమెంటులో అతని ఎడమ మోకాలు దెబ్బతినగానే గేటు బయట పెట్టింది. బనీను ఉతికించి మరీ వెనక్కి తీసుకుంది. సువార్తమ్మ తమ్ముడి కోసం ఏడుస్తుంటే, ఏలీయా అన్నం కలుపుకుంటూ "న్యాయమే గదా" అన్నాడు.

అయితే ఆ మోకాలికి కట్టు కట్టింది కూడా అతనే. ఆముదం వెచ్చచేసి మర్దన చేసి, పాత చీర చించి, ఎముక ఎక్కడ జారుతుందో వేళ్లతో వెతికి పట్టుకుని కట్టేవాడు. నోరు ఎంత చెడ్డదో చెయ్యి అంత మంచిది. ఒకే మనిషికి రెండూ ఎందుకిచ్చాడో ఆ దేవుణ్ణే అడగాలి.

ఏడాది తిరిగేసరికి దేవదానం లేచి నడిచాడు, ఎగిరాడు. పక్కనే ఉన్న సీసాల కంపెనీ పిలిచింది. వచ్చే ఆదివారం పైపుల కంపెనీ మీద గెలిపిస్తే పర్మినెంట్ చేస్తామంది. ఓడితే ఇంటికే. ఏలీయాకు ఒళ్లు మండిపోయింది.

"బనీను మార్చిండు. అమ్ముడువోయిండు."

"మీ కంపెనీ పారేసినంక ఎవలు ఏరుకుంటే నీకేంది?" అంది సువార్తమ్మ. ఆ మాట నిజమే. నిజం వింటే మనిషికి కోపం ఇంకా పెరుగుతుంది.

ఆదివారం ఆరాధన అయిపోగానే దేవదానం నేరుగా వాళ్లింటికి వచ్చాడు. ఏ కంపెనీకి ఆడినా ఆ కట్టు బావే కట్టాలి. అరుగు మీద కూర్చుని కాలు చాపాడు.

"ముందరికి దుంకితే ఏం గాదు బావా. ఎడమ దిక్కు తిరిగితేనే జారుతది. మా కోచ్‌కు సుత చెప్పలే. నీకొక్కనికే చెప్తున్న."

ఏలీయా బిగించి కట్టాడు.

మొదటి గేమ్‌లో దేవదానం పైపుల కంపెనీని చితక్కొట్టాడు. ఏలీయా గొంతు చించుకుని అరిచిన తిట్లేవీ అతనికి అంటలేదు. రెండు కంపెనీల దొరలూ ఒకే సోఫాలో కూర్చుని సోడాలు తాగుతున్నారు. సూర్యప్రకాశరావు వెనక్కి తిరిగి, "నీ బామ్మర్ది మనల్ని ముంచుతున్నాడయ్యా," అన్నాడు.

అంతే. ఏమీ అడగలేదు. ఏలీయా నోరు మూసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఒంటి మీద వేసుకోవడానికి ఎవరూ ఇవ్వని పైపుల కంపెనీ నీలం బనీను కోసం అతను కదిలాడు. నీళ్లు తాగుతున్న తమ కొత్త షూటర్ చెవి దగ్గరికి వంగాడు.

"గట్టిగ కొట్టకు. నెట్ కాడ, ఆని ఎడమ దిక్కు మెల్లగ వెయ్యి. తిరగలేడు."

రెండో గేమ్ మొదలైన కాసేపటికే బంతి నెట్ దాటి మెల్లగా ఎడమ పక్కకు దిగింది. దేవదానం తిరిగాడు. మోకాట్లో కట్టె విరిగినట్టు చప్పుడు సోఫా దాకా వినిపించింది.

అతణ్ణి లైను బయటికి మోసుకొచ్చి పడుకోబెట్టారు. సీసాల కంపెనీ మనిషి ఒకడు వచ్చి, కాలి వైపు చూడనైనా చూడకుండా, అతని ఒంటి మీది ఎర్ర బనీను తల మీదుగా లాగి బదులు ఆటగాడికి తొడిగాడు. పైపుల కంపెనీ కనీసం ఉతకడానికి టైమిచ్చింది.

"బావా," అన్నాడు దేవదానం పళ్లు బిగబట్టి. "నీ కట్టు ఊడలే. వాళ్లకెట్ల ఎరుకైందో. జెర మల్ల కట్టు, నీకైతే తెలుసు యాడ పట్టాల్నో."

ఏలీయా మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాచిపోతున్న ఆ కాలు చేతుల్లోకి తీసుకున్నాడు. అతనికి సిగ్గేసింది, భయమేసింది, సువార్తమ్మ ముఖం కళ్ల ముందు కనబడింది. అయినా చేతులు ముడి విప్పాయి. అప్పుడే కోర్టులో నీలం బనీను ఎగిరి బంతిని బాదింది. జనం గోల పెట్టారు.

ఏలీయా తలెత్తి చూశాడు.

కాలు చేతుల్లోనే ఉంది. కళ్లు మాత్రం బంతి వెంట పోయాయి, పెదవుల మీద పాయింటు గెలిచిన నవ్వు లేచింది. మళ్లీ తల దించేసరికి దేవదానం అతన్నే చూస్తున్నాడు.

"మీరే గెలుస్తున్నరా బావా?"

"ఆ," అన్నాడు ఏలీయా. ఆ మాట ఆపుకోవడం అతనికి చేతకాలేదు.

దేవదానం రెండు చేతులతో తన కాలు తానే పట్టుకుని, అతని ఒళ్లోంచి వెనక్కి లాక్కున్నాడు.

"ఇగ ఇడిసిపెట్టు. అక్కకు నేనే చెప్త."